నొసటి మీద మచ్చ



ఈ వారం మనం ధ్యానించుకోబోయేది రెండవ దినవృత్తాంతముల గ్రంథం 26వ అధ్యాయం. ముందు బైబిలు తెరిచి ఆ 23 వచనాలూ నెమ్మదిగా చదువుకోండి. పాస్టరు గారైనా, సంఘ పెద్ద అయినా, సండే స్కూలు టీచరైనా, పాటలు నడిపించే తమ్ముడైనా, దేవుని ఇంట్లో ఏ చిన్న బాధ్యత ఉన్నవారైనా సరే, ఈ అధ్యాయం మనందరి కోసం.

ఉజ్జియా 16 ఏళ్లకే యూదాకు రాజయ్యాడు. తండ్రి అమజ్యా మీద జనులు కుట్ర చేశారు. ఆయన లాకీషుకు పారిపోయినా వెంటాడి చంపారు. అలాంటి ఇంట్లో, ఆ వయసులో, కిరీటం నెత్తిన పెడితే ఏ పిల్లవాడికైనా కాళ్లు వణుకుతాయి. ఉజ్జియా దేవుణ్ణి వెదికాడు. జెకర్యా అనే భక్తుడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. దేవుణ్ణి ఆశ్రయించినంత కాలం దేవుడు అతణ్ణి వర్ధిల్లజేశాడు.

ఎంత వర్ధిల్లాడో చూడండి. ఫిలిష్తీయుల మీద గెలిచాడు. యెరూషలేములో బురుజులు కట్టించాడు. 3,07,500 మంది సైన్యం, వారిమీద 2,600 మంది పరాక్రమశాలురైన పెద్దలు. మన పల్లెవాళ్లకు నచ్చే మాట ఇంకొకటుంది, అతనికి వ్యవసాయమంటే ఇష్టం. బావులు తవ్వించాడు, పశువులను పెంచాడు, కొండల్లో ద్రాక్షతోటలు వేయించాడు. అతని పేరు ఐగుప్తు పొలిమేర దాకా వెళ్లింది.

అక్కడే కథ మలుపు తిరిగింది. దేవుని సహాయంతో స్థిరపడ్డాడు, స్థిరపడ్డాక మనసు గర్వించింది. ప్రియులారా, కరువులో పడనివాడు పంట ఇంటికొచ్చాక పడ్డాడు. మన పరిచర్యలో కూడా ఎక్కువ భయపడవలసిన కాలం ఇదే. తాటాకుల పాకలో పదిమందితో ఆరాధన జరిగే రోజుల్లో, రేపటి బియ్యానికి కూడా మోకరించే రోజుల్లో, గర్వానికి చోటుండదు. స్లాబు పడి, మైకు సెట్టు వచ్చి, పక్క ఊళ్ల నుంచి కూడికలకు పిలుపులు మొదలయ్యాక అసలు పరీక్ష.

ఈ రాజుకు లేఖనంలో రెండు పేర్లున్నాయి. ఇక్కడ ఉజ్జియా, అంటే యెహోవా నా బలం. రెండవ రాజుల గ్రంథం 15వ అధ్యాయంలో అజర్యా, అంటే యెహోవా సహాయం చేశాడు. సహాయం చేసినవాణ్ణి మరచిపోయి, వచ్చిన బలం తనదే అనుకోవడం అతని పతనం.

అతడు చేసిన తప్పు ఏమిటో గమనించండి. తాగలేదు, దోచుకోలేదు. ధూపం వేయడానికి దేవాలయంలోకి వెళ్లాడు. బయటికి అది భక్తిలాగే కనబడుతుంది. కానీ ఆ పని దేవుడు అహరోను సంతతికి అప్పగించాడు. నాయకుడి గర్వం చాలాసార్లు భక్తి బట్టలే వేసుకుంటుంది. ఉపవాసం, ఉజ్జీవ సభ, ప్రవచనం, అన్నింటిలోనూ అది దూరగలదు.

అప్పుడు 80 మంది యాజకులు ఎదురు నిలిచారు. వారి పెద్ద పేరు కూడా అజర్యాయే! రాజు మరచిపోయిన మాట మనిషి రూపంలో వచ్చి ఎదురుగా నిలబడింది. ఉజ్జియా వినలేదు, ధూపార్తి చేతిలో పట్టుకుని మండిపడ్డాడు. కుష్ఠు ఆ క్షణంలో పుట్టింది. గుమ్మం దాటినప్పుడు కాదు, గద్దించినవారి మీద కోపపడినప్పుడు. వెనుదిరగడానికి దేవుడు సమయమిచ్చాడు, ఆ సమయాన్ని అతడు కోపంలో పోగొట్టుకున్నాడు.

ఆ కుష్ఠు నొసట పుట్టింది. ప్రధాన యాజకుడు యెహోవాకు పరిశుద్ధమని చెక్కిన బంగారు రేకు కట్టుకునే చోటది. ఎవరి నొసలు వారికి కనబడదు. ఉజ్జియా మచ్చను ముందుగా చూసింది ఆ యాజకులే, అతడు కాదు. మన గర్వమూ అంతే. అది మనకు చివర కనబడుతుంది, చుట్టూ ఉన్నవారికి ముందే కనబడుతుంది. అందుకే, "అయ్యగారూ, ఇది సరికాదు" అని చెప్పగలిగిన మనిషి ప్రతి సేవకుడికీ కావాలి.

మా సంఘ వార్షికోత్సవానికి యువకులు ఫ్లెక్సీ నమూనా ఫోన్లో తెచ్చి చూపించారు. సేవకుల ఫోటో నిలువెత్తున ఉంది, వాక్యం కింద ఒక మూల ఉంది. మేము నోరు తెరవక ముందే, చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ అడిగింది, "బాబూ, పండగెవరిది? పేరెవరిది?" అని. పిల్లలు నవ్వారు, తర్వాత తలలు దించుకున్నారు. ఫ్లెక్సీ మీద వాక్యమే వేయించారు. ఆమెకు చదువు రాదు. కానీ ఆ సాయంత్రం మా సంఘానికి అజర్యా ఆమే.

మన తెలుగు సంఘ చరిత్రలో కూడా ఒక అజర్యా ఉన్నారు. వేదనాయకం శామ్యూల్ అజర్యా గారి మాతృభాష తమిళం. వైఎంసీఏలో పేరున్న కార్యదర్శి. ఆ పని విడిచి 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు మిషనరీగా వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు ఆయనే. అంత పదవి వచ్చాక కూడా ఎద్దులబండి మీద పల్లె పల్లెకూ తిరిగారు, మాల మాదిగ పేటల్లోని విశ్వాసుల మధ్య ఉన్నారు. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే కన్నుమూశారు. పదవి ఆయన్ను పల్లెకు దూరం చేయలేదు.

మరి మనం ఏం చేద్దాం? జ్వరం తగ్గినవారు వచ్చి, "అయ్యగారు ప్రార్థన చేస్తే తగ్గింది" అంటారు. ప్రేమతోనే అంటారు. "తగ్గించినది ప్రభువమ్మా, మనం అడిగాం అంతే" అని అక్కడికక్కడే చెబుదాం. మరుసటి రోజుకు వదిలిపెడితే ఆ మాట మనలో వేరు పారుతుంది. సెల్ ఫోన్ కెమెరా లేని చోట కూడా రోగిని చూద్దాం. మందిరం ఊడ్చే వంతు మనకూ ఉంచుకుందాం. ప్రసంగం ఎన్నిసార్లు చెప్పినదైనా, కొత్తగా చెబుతున్నట్టు మోకరించి అడిగాకే పీఠం దగ్గరికి వెళ్దాం.

ఉజ్జియా 52 సంవత్సరాలు ఏలాడు. మిగిలిన రోజులు వేరుగా ఒక ఇంట్లో గడిపాడు, దేవుని మందిరానికి దూరమయ్యాడు. కొడుకు యోతాము రాజనగరు చూసుకున్నాడు. కానీ దేవుని పని అక్కడ ఆగలేదు. ఉజ్జియా మరణించిన సంవత్సరమే యెషయా అత్యున్నత సింహాసనంపై ఆసీనుడైన ప్రభువును చూశాడు. వెంటనే తాను అపవిత్రమైన పెదవులు గలవాడినని ఒప్పుకున్నాడు. లేవీయకాండములో కుష్ఠరోగి తన నోటితో పలకవలసిన మాట కూడా అదే, అపవిత్రుడననే మాట. రాజు ధూపపు నిప్పు తానే పట్టుకుని వచ్చి దెబ్బ తిన్నాడు. తన అపవిత్రత ఒప్పుకున్న ప్రవక్త దగ్గరికి బలిపీఠపు నిప్పే వచ్చి పెదవులకు తగిలి, అతణ్ణి శుద్ధి చేసింది.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మా నొసటి మచ్చ మాకు కనబడదు. దాన్ని చెప్పే మనుషులను మా దగ్గర ఉంచండి, వారి మాటకు మేము కోపపడకుండా కాపాడండి. సహాయం చేసినది మీరేనని కడవరకు జ్ఞాపకముంచుకొనే కృప దయచేయండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.