కవరు బరువు 14 గ్రాములు

మా ఇంట్లో ఒక చిన్న కాటా ఉంది. పట్టు, జరీ తూచడానికి నాన్న కొన్నది. చిన్నప్పుడు దాని మీద చాక్లెట్ పెట్టి ఆడినా తిట్లు పడేవి. అలాంటిది, పోయిన అక్టోబరులో అదే కాటా మీద నాన్న ఒక ఖాళీ ప్లాస్టిక్ కవర్ పెట్టి, 14 గ్రాములు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు పని గురించి కూడా చెప్పాలి. ఈ వ్యాసంలో అక్షర దోషాలుంటే మన ఎడిటర్లు సర్దేస్తారు (నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, క్షమించండి). ఆ తప్పును మాత్రం నేనే చెప్పుకోవాలి.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు, ముందు గదిలో చిన్న చీరల షాపు. వేసవి సెలవుల్లో నేనూ మా పెద్దనాన్న కూతురూ కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాం. ఫోటోలు నావి, కబుర్లు అక్కవి. జర్మనీలో ఉన్న ఒక తెలుగావిడ వరలక్ష్మీ వ్రతానికి చీర అడిగింది. పంపాం. ఆవిడ ఇద్దరు స్నేహితులకు చెప్పింది. మొత్తం మూడు చీరలు. ఆ వారమంతా నాన్న ఎవరు షాపుకొచ్చినా "జర్మనీకి పోయింది ఇదే డిజైను" అని చెప్పేవాడు.

నాకు వెంటనే స్టార్టప్ బుర్ర పని చేసింది. పేజీ మీద ఎన్నాళ్లు, ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పెడదాం అనుకున్నా. హాస్టల్‌లో కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టా. పాన్ అయింది, జీఎస్టీ అయింది, ఎగుమతి కోడ్ అయింది. తర్వాత ఒక గడి వచ్చింది: జర్మనీ ప్యాకేజింగ్ రిజిస్ట్రేషన్ నంబరు. అది లేకుండా ముందుకు పోనివ్వదు.

చీర అమ్మడానికి ప్యాకింగ్ కవర్‌కు రిజిస్ట్రేషన్ ఏంటని నవ్వొచ్చింది. చదివితే నవ్వు ఆగిపోయింది.

దాని పేరు ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ, పొట్టిగా ఈపీఆర్. వస్తువు అమ్మేసి డబ్బులు తీసుకున్నంత మాత్రాన అమ్మినవాడి పని అయిపోదు. అది చెత్త అయ్యాక ఎత్తే ఖర్చు కూడా వాడే భరించాలి అనేది లెక్క. 1990 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ఈ ఆలోచనకు పేరు పెట్టాడు. జర్మనీ 1991లోనే ప్యాకేజింగ్ మీద ఇలాంటి నియమం తెచ్చింది. ఇప్పుడున్న జర్మన్ ప్యాకేజింగ్ చట్టం 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడి ఇంటికి నేరుగా పార్సిల్ పంపే ఎవరైనా, ఏ దేశంలో ఉన్నా, లూసిడ్ అనే రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. తర్వాత చెత్త సేకరించి రీసైకిల్ చేయించే ఒక సంస్థతో ఒప్పందం చేసుకుని, ఎన్ని కిలోల ప్లాస్టిక్, ఎన్ని కిలోల అట్ట పంపుతున్నామో చెప్పి దానికి డబ్బు కట్టాలి. ఇంత లోపు అయితే అక్కర్లేదు అనే మినహాయింపు లేదు. ఒక్క పార్సిల్ అయినా పార్సిలే. 2022 జూలై 1 నుంచి మార్కెట్‌ప్లేస్‌లు కూడా ఆ నంబరు లేనివాళ్లను అమ్మనివ్వకూడదు. ఒప్పందం లేకుండా పంపితే జరిమానా 2 లక్షల యూరోల దాకా ఉండొచ్చు. మా ఇల్లు, మగ్గాలు, షాపు అన్నీ అమ్మినా అంత రాదు.

అంటే మేము పంపిన మూడు చీరలూ నియమం తప్పి పంపినవే. తెలియక జరిగింది అది. తర్వాత నేను చేసింది మాత్రం తెలిసే చేశా.

ఆ నంబరు డీఈ అనే అక్షరాలతో మొదలై తర్వాత 13 అంకెలుంటుంది. ఆ రిజిస్టర్ పబ్లిక్, ఎవరైనా చూడొచ్చు. రేపు మిడ్ ఎగ్జామ్, రాత్రి పన్నెండు దాటింది. ఎవరో ఒక కంపెనీ నంబరు కాపీ చేసి మా ఫారంలో పేస్ట్ చేశా. కింద "నేను ఇచ్చిన వివరాలు నిజమే" అనే చోట టిక్ పెట్టా. పచ్చ గుర్తు వచ్చింది, రివ్యూలో ఉంది అంది. కోడ్ రన్ అయినంత ఆనందం. ఫారం నాన్న పేరు మీద ఉందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

శనివారం హిందూపురంలో రైలెక్కా. పెనుకొండ వాడైన నా రూమ్మేట్ కూడా ఉన్నాడు. వాళ్ల అన్న కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తాడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంట్ ఉంది కదా, 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి ఆ ఊరి చుట్టూ మాటలన్నీ ఎగుమతుల గురించే. వాడికి నా తెలివితేటలు గొప్పగా చెప్పా. వాడు నవ్వలేదు. "మా అన్న వాళ్ల దగ్గర ఏ డబ్బా ఏ మెటీరియలో, ఎంత బరువో రాయడానికే మనుషులుంటారు రా. కార్లకు మన దేశంలోనే వచ్చింది, పాత బండ్లు తుక్కు చేయించే బాధ్యత తయారు చేసినోళ్లదే అని 2025 ఏప్రిల్ నుంచి రూల్. నువ్వు మీ నాన్నను ఇరికించినావ్ పో" అని పెనుకొండలో దిగిపోయాడు. అక్కడి నుంచి ధర్మవరం దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నా. పెద్ద కంపెనీకి ఈ పనికి ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది. మా షాపుకు ఉన్న డిపార్ట్‌మెంట్ నేనే, అదీ దొంగ నంబరు పెట్టిన డిపార్ట్‌మెంట్.

ఇంట్లో అన్నం తింటూ చెప్పేశా. నాన్న చెయ్యి ఆపి అడిగాడు.

"ఆ నంబరు ఎవరిది రా?"

"ఎవరిదో కంపెనీది నాన్నా."

"వాళ్లకు చెప్పినావా?"

"లేదు. ఎవరూ చూడరులే నాన్నా, పంపేది నాలుగు చీరలు."

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మిషన్ మీద నేసిన చీర పక్కన పెట్టుకోని, ఇది ధర్మవరం చేనేత అని మార్కు వేసి అమ్ముతాంటే మనకు ఎట్లుంటాది? వాళ్లు కూడా ఇదే అంటారు, ఎవరు చూస్తారులే అని" అన్నాడు.

ధర్మవరం వాళ్లకు ఈ మాట ఎంత గట్టిగా తగులుతుందో బయటి వాళ్లకు చెప్పడం కష్టం. చీరల్లాంటి కొన్ని రకాలను చేనేతకే వదిలేయాలని 1985లో చట్టం వచ్చింది. మా ధర్మవరం పట్టుచీరలకు జీఐ గుర్తింపు ఉంది. అయినా పవర్‌లూమ్ చీర మా ఊరి పేరుతో సగం ధరకు అమ్ముడవుతూనే ఉంటుంది. నెలలో సగం రోజులు మా ఇంట్లో ఏడుపు అదే. మమ్మల్ని కాపాడాల్సిన కాగితం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరని మేము ఏడుస్తాం. నేనేమో ఇంకొకరి ఊరిని కాపాడే కాగితం మీద అబద్ధం రాసొచ్చా.

ఆ రాత్రే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నా. మరుసటి రోజు నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని లూసిడ్ రిజిస్ట్రేషన్ చేశాం. వెబ్‌సైట్ ఇంగ్లీషులో కూడా ఉంది, రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. ఇంకో సంగతి, ఒప్పందం వగైరా వేరేవాళ్లతో చేయించుకోవచ్చు గానీ ఈ రిజిస్ట్రేషన్ మాత్రం ఏజెంటుకు అప్పగించకూడదు, అమ్మేవాడే చేయాలి. ఒక్కో లైను నేను తెలుగులో చెప్పడం, నాన్న తలూపడం. నా తెలుగు పరీక్ష ఆ రోజే జరిగిందనుకోండి. 'సిస్టమ్ పార్టిసిపేషన్'కు తెలుగు ఏంటో నాకు దొరకలేదు. "అక్కడ చెత్త ఎత్తేవాళ్లకు మన వంతు చందా" అన్నా. నాన్నకు అర్థమైంది.

తర్వాత బరువులు. కాటా మీద కవర్ 14 గ్రాములు, చీర మడతలో పెట్టే అట్ట 60, పైన అట్టపెట్టె 180. జరీ తూచినంత శ్రద్ధగా తూచాడు. "ముందు పంపిన మూడు కూడా రాయి" అన్నాడు. రాశా. సంవత్సరానికి మాకు పడిన ఖర్చు ఒక్క చీర మీద మిగిలే దాని కన్నా తక్కువే. ఇంత దానికి నేను నాన్న పేరును పణంగా పెట్టా.

ఇదంతా చూస్తూ మా అవ్వ ఏంటని అడిగింది. కవర్ సంగతి చెప్పి, రేపు చీరలకు కూడా ఇదే వస్తుందని చెప్పా. నిజమే, బట్టలకూ చెప్పులకూ ఈపీఆర్ పెట్టాలని యూరప్ యూనియన్ 2025లో చట్టం మార్చింది, సభ్య దేశాలకు 30 నెలల గడువిచ్చింది. ఫ్రాన్స్‌లో అయితే బట్టలకు 2007 నుంచే ఉంది. అవ్వ నోరు తెరిచింది. "పట్టుచీర పారేస్తారా ఎవురన్నా?" తన పెళ్లి చీర ఇప్పటికీ బీరువాలో ఉంది. పాతబడి చినిగిన చీరలు కూడా పారేయలేదు, పాత జరీ చీరలు కొంటాం అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లకు అమ్మింది. జరీలో వెండి ఉండేది కాబట్టి వాళ్లే డబ్బులిచ్చి తీసుకుపోయేవాళ్లు. వెండి ఉన్నదాన్ని వెనక్కి తీసుకోవడానికి చట్టం అక్కర్లేకపోయింది. కవర్‌లో వెండి లేదు. అందుకే చట్టం రాయాల్సి వచ్చింది.

సాయంత్రం షాపు గుమ్మంలో నిలబడి నాన్న మా వీధి కాలువ వైపు చూశాడు. మా వీధి కాలువలో ఏముంటుందో మీరు ఊహించగలరు. అవే 14 గ్రాముల కవర్లు, మాది ఒక్కటే కాదు, వీధి అంతటివీ. "జర్మనీ వాళ్ల కవర్‌కు దుడ్డు కట్టినాం. దీనికి ఎవురు కట్టాల?" అన్నాడు.

నేను మళ్లీ ఫోన్ తీశా. మన దేశంలో ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు ఈపీఆర్ గైడ్‌లైన్స్ 2022 ఫిబ్రవరి 16న వచ్చాయి. కానీ సొంత పేరుతో అమ్ముకునే సూక్ష్మ, చిన్న సంస్థలను అందులో బ్రాండ్ ఓనర్ల లెక్కలోకి తీసుకోలేదు. చిన్నవాళ్ల నెత్తిన కాగితాల భారం వద్దని అయ్యుంటుంది, అది మాలాంటి వాళ్లకు మంచిదే. కానీ కాలువకు చిన్న షాపు కవరూ పెద్ద షాపు కవరూ తేడా తెలియదు. నాన్న అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. మా హాస్టల్ కారిడార్‌లో రోజూ గుట్టపడే ఆన్‌లైన్ ఆర్డర్ల కవర్లు గుర్తొచ్చి ఇంకా నోరు రాలేదు.

ఇప్పుడు జర్మనీ పార్సిల్‌లో ప్లాస్టిక్ లేదు. పల్చటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపుతున్నాం. షాపులో మాత్రం అంత సులువు కాలేదు. గుడ్డ సంచి ఇస్తే జరీ కనపడదని కొందరు మళ్లీ కవరే అడుగుతారు. నాన్న ఇస్తాడు. ఇచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక గీత గీస్తాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ నోట్‌బుక్ చూశా. జర్మనీ పేజీలో: మూడు కవర్లు, 42 గ్రాములు, డబ్బు కట్టాం. పక్క పేజీలో ధర్మవరం అని రాసి గీతలే గీతలు. కింద మొత్తం ఇంకా వేయలేదు. ఈసారి వెళ్లినప్పుడు కూర్చుని లెక్క వేయాలి.