మూగప్రాణి దంతధావనము

ఇంట కుక్కను బెంచువారిలో ననేకులు దాని నోటి దుర్వాసనను జాతిస్వభావముగా నెంచి యూరకుందురు. కుక్కనోరు కంపుకొట్టక పరిమళించునా యని పెద్దలు సైతము పలుకుట కద్దు. ఆ మాటయందు నాకెన్నడును సమ్మతి కలుగలేదు. ఆరోగ్యముగానున్న శునకము నోట స్వల్పమైన వాసన యుండునే కాని, మనము ముఖము త్రిప్పుకొనవలసినంతటి దుర్గంధము పుట్టదు. పుట్టినచో చిగుళ్ల యడుగున సూక్ష్మజీవులు కాపురము పెట్టి చాలకాలమైనదని గ్రహింపవలెను. తన పంటినొప్పిని చెప్పుకొనలేని ప్రాణికి ఆ వాసనయే విన్నపము.

బాధను దాచుటయందు కుక్క బహునేర్పరి. పన్ను కదలుచున్నను ఆకలి చంపుకొనదు. పళ్లెము చప్పుడు వినబడగనే పరుగెత్తివచ్చును, తోక యాడించుచు తినును. కనుక తిండి తినుచున్నదిగదా యని నిశ్చింతగా నుండరాదు. ఒక్క దవడతోనే నములుట, నోటబెట్టుకొన్న ముక్కను జారవిడుచుట, మూతిని ముందుకాలితో రుద్దుకొనుట, తల నిమురబోయిన చేతికి వెనుదీయుట - ఇవియే దాని భాష. కంటిదిగువ బుగ్గ వాచినప్పుడు కంటిజబ్బని చుక్కలమందు వేయువారు కలరు. అది తరచు మీది దవడలోని పెద్దపంటి వేరు చీముపట్టిన గుర్తు.

కుక్కపిల్లకు 28 పాలపండ్లు. నాలుగవ మాసము మొదలు అవి రాలుచు, ఏడవ మాసము నిండునాటికి 42 స్థిరదంతము లేర్పడును. వీనిలో మీది దవడకు రెండు ప్రక్కలనున్న నాలుగవ అగ్రచర్వణకము మాంసమును కోయుటకు ప్రధానమైనది. లాలాజలనాళము దానిచెంతనే తెరచుకొనుటచే గారయు ముందుగా నక్కడనే పట్టును. తిన్న కొన్ని గంటలలోనే పంటిపై పాచి పేరుకొనును. రెండుమూడు దినములు తుడువకున్న నది లాలాజలములోని ఖనిజములతో గట్టిపడి గారయగును. కుక్క లాలాజలమునకు మన లాలాజలముకంటె క్షారగుణ మెక్కువ గనుక వానికి పిప్పిపండ్లు అరుదు, గార మాత్రము శీఘ్రము. ఆ గార యంచున చిగురు ఎఱ్ఱబడి, ఉబ్బి, పంటినుండి విడివడి, కడకు లోని యెముక కరగిపోవును. పొమరేనియను, పగ్గు వంటి చిన్నజాతులలో ఇరుకుదవడయందు పండ్లు క్రిక్కిరిసియుండుటచే ఈ వ్యాధి మరింత త్వరపడును. వానిలో పాలకోర రాలకయే దాని ప్రక్కను స్థిరకోర మొలచుటయు కలదు. అట్టి పాలపంటిని పశువైద్యునిచే తీయింపవలెను.

ఎముక కొఱికిన పండ్లు వానియంతట నవియే తోమబడునని మనవారి నమ్మకము. నే నీ నమ్మకమునకు గట్టి విరోధిని. ఉడికిన కోడియెముక చీలి గొంతునను ప్రేగులను గ్రుచ్చుకొనును. బలమైన యెముక, నేను పైని చెప్పిన పెద్దపంటినే బ్రద్దలుచేయును. గోటితో నొక్కిన నొక్కుపడని వస్తువును నమలనీయరాదని వైద్యులు చెప్పుమాట సర్వదా పాటింపదగినది.

ఇక తోముట. మనము వాడు టూత్‌పేస్టు దానికి పనికిరాదు. కుక్క పుక్కిలించి యుమియనేరదు, మ్రింగివేయును. ఫ్లోరైడు దానికి హాని, కొన్ని పేస్టులలో కలిపెడు జైలిటాల్ అను తీపిపదార్థము రక్తములోని చక్కెరను ఒక్కపెట్టున పడద్రోసి, కాలేయమును చెఱచి, ప్రాణాంతకము కాగలదు. కుక్కలకని చేసిన పేస్టే కొనవలెను. ఉప్పు, వంటసోడా, బొగ్గుపొడి వలదు.

మా యింటి పొమరేనియనుకు ఈ పని అలవాటుచేసినది మా యమ్మ. మొదట కొంతకాలము ఆమె బ్రష్షును కంటబడనీయక, సాయంవేళ వరండాలో చాపపై కూర్చుండి, దాని పెదవిని బొటనవ్రేలితో మెల్లగా నెత్తి, చూచి, విడిచిపెట్టెడిది. పిమ్మట కోడిమాంసపు రుచిగల పేస్టును వ్రేలికొన నంటించి నాకించినది. తరువాత వ్రేలికి తడిగుడ్డ చుట్టి పండ్లు తుడిచినది. బ్రష్షు అన్నిటికంటె వెనుక వచ్చినది. నోరు బలవంతముగా తెరువ నక్కరలేదు. పెదవి నెత్తి, బ్రష్షును చిగురును పన్నును కలియు రేఖపై ఏటవాలుగా నాన్చి, చిన్నచిన్న సున్నలు చుట్టినట్లు త్రిప్పినచో చాలును. లోపలివైపును నాలుక కొంతవఱకు తుడుచుకొనును గనుక వెలుపలివైపే ముఖ్యము. "ఇంకొక్క ప్రక్క, నాయనా" యని యమ్మ యనగనే అది తానే మూతిని రెండవవైపునకు త్రిప్పును. ప్రతిదినము తోముట యుత్తమము. మొదట చిగురు కొంచెము నెత్తురు చిమ్మినను మానరాదు, కాని నెత్తురు తగ్గకున్నను, తాకనీయక మూలిగినను వైద్యునికి చూపవలెను.

ఒకసారి గార కట్టిన పిమ్మట బ్రష్షుకు లొంగదు. దానిని గోటితోను కత్తితోను గీకుట చిగురును చీల్చుటయే. మత్తుమందు లేకయే గీకి తెల్లబఱచెదమను వారి పని కంటికి కనబడు భాగముతో సరి. వ్యాధి నివసించునది చిగురు క్రిందను. అచ్చట శుద్ధిచేయుటకును, ఎక్స్‌రే తీసి వేళ్లను పరీక్షించుటకును కుక్క కదలక పండుకొనవలెను గనుక, రక్తపరీక్ష చేయించి వైద్యుడు మత్తునిచ్చుటయే సరియైన త్రోవ. ఆ శుద్ధి జరిగిన పిమ్మట చిగుళ్ల పుండు మానినదని వైద్యుడు చెప్పినవెనుక తడిగుడ్డతో తుడుచుట మరల మొదలుపెట్టి, చిగుళ్లు గట్టిపడిన కొలది బ్రష్షునకు రావలెను.