చెల్లెలి ఇంట్లో బోజొలే

మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకి మందు సీసా పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఇల్లు గుల్లయిపోవడమే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని విని మా అమ్మ కూడా ఇరుగుపొరుగుతో కలిసి మా ఊరి కొట్టు ముందు కూర్చుంది. మరుసటి ఏడు అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ అమ్మ కడుపున పుట్టిన నా చెల్లెలు ఇప్పుడు ఫ్రాన్సులో, లియోన్ నగరంలో కాపురం ఉంటోంది. మా మరిది అక్కడివాడే. ఆదివారం భోజనానికి వాళ్ళ బల్ల మీద ఎర్ర వైన్ సీసా ఉంటుంది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ అమ్మది ఒకటే ప్రశ్న, "అది తాగుతోందా?" అని. పోయినేడు నేను వెళ్ళి నెల్లాళ్ళు ఉండి వచ్చాను. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ వైన్ పేరు బోజొలే. లియోన్‌కి ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం పేరు అది. గామే అనే నల్ల ద్రాక్షతో చేస్తారు. ఈ ద్రాక్ష పనికిమాలినదని 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ తన సీమలో తీగలన్నీ పీకించేయమన్నాడు. దక్షిణాన బోజొలే గ్రానైటు నేలల్లో మాత్రం అది బతికి బట్టకట్టింది. గుత్తుల్ని చేత్తో కోసి, చిదపకుండా అలాగే తొట్టెల్లో వేస్తారు. పండు లోపలే పులియడం మొదలవుతుంది. అందుకే వగరు తక్కువ, పళ్ళ వాసన ఎక్కువ. ఆ ఏటి కొత్త వైన్ నవంబరు మూడో గురువారం బజారులోకి వస్తుంది. మోర్గోన్, ఫ్లరీ లాంటి పది చోట్ల వైన్‌ని మాత్రం వాటి సొంత పేర్లతో అమ్ముతారు. అవి కొన్నేళ్ళు నిలవుంటాయి.

చెల్లెలి అత్తగారు ముందు "ఇవాళ వంటేమిటి?" అని అడుగుతారు. సీసా సంగతి ఆ తర్వాతే. ఓవెన్‌లో కాల్చిన కోడి, పంది మాంసంతో చేసిన ఎండు సాసేజ్, దాంతోపాటు ఉడికించిన ఆకుపచ్చ పప్పు, మేకపాల చీజ్, వీటికి బోజొలే సరిజోడని ఆవిడ లెక్క. కొవ్వునీ ఉప్పునీ దాని పులుపు కోస్తుంది. ముద్దపప్పు నెయ్యికి ఆవకాయ తోడైనట్టన్నమాట. మిగతా ఎర్ర వైన్లకంటే దీన్ని కాస్త చల్లగా, 13 డిగ్రీల దగ్గర పోస్తారు.

నేను చేసిన కోడివేపుడుతో చెల్లెలు ఓసారి పెట్టి చూసింది. వగరెక్కువున్న వైన్లు కారంతో కలిస్తే నోరు మండిస్తాయట, ఇది ఫరవాలేదంది. గోంగూర మాంసం వండిన రోజు మాత్రం సీసా తియ్యలేదు. "గోంగూర ముందు ఇంకేదీ ఆనదక్కా," అంది.

లియోన్ వంటకి పేరు తెచ్చింది ఆడవాళ్ళేనని తెలిసి నాకు భలే సంతోషమేసింది. ఇళ్ళల్లో వంటమనుషులుగా చేసి, తర్వాత సొంతంగా హోటళ్ళు పెట్టుకున్న వాళ్ళని అక్కడ "మేర్" అనేవారు, అంటే అమ్మ. వాళ్ళలో యూజెనీ బ్రాజియే పల్లెటూరి పిల్ల, బడి చదువు అంతంత మాత్రమే. 1921లో హోటల్ తెరిచింది. 1933లో ఆవిడ రెండు హోటళ్ళకీ మిషెలిన్ వాళ్ళు మూడేసి నక్షత్రాలిచ్చారు.

అలాగని అక్కడ తాగుడు వల్ల చెడేవాళ్ళు లేరనుకోకండి. మద్యం ప్రకటనల్ని కట్టడి చేస్తూ 1991లోనే చట్టం తెచ్చుకున్నారు. ఎంత కొంచెమైనా మద్యం క్షేమం కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. చెల్లెలికి ఇవన్నీ తెలుసు. తను అర గ్లాసుతో ఆపుతుంది. మిగిలింది మూత బిగించి పెట్టి, వారం మధ్యలో కోడి పులుసులో పోసేస్తుంది.

వచ్చాక అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. "సారా కోసం మగాళ్ళు అన్నం వదిలేసి కొట్టుకి పోయేవాళ్ళు కదమ్మా, అక్కడ అన్నంతో వచ్చి అన్నంతోనే పోతుంది," అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లల ముందు పెట్టొద్దని చెప్పు," అంది. ఫోన్లో చెప్పాను. చెల్లెలు ఒప్పుకోలేదు. దాచుకుని తాగడం పిల్లలకి నేర్పనంది.

ఇద్దరి మాటా సబబుగానే ఉంది నాకు. మీరైతే ఏమంటారు?