గెలిచిన ఐదో రోజే దిగిపోయాడు

2016 నవంబర్ 27, అబుదాబి. ఫార్ములా వన్ సీజన్‌లో ఆఖరి రేసు. నికో రోస్‌బర్గ్ రెండో స్థానంలో వచ్చాడు. అతనికి ఆ స్థానం సరిపోయింది, ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. ఫార్ములా వన్‌లోకి వచ్చిన పదకొండో సీజన్‌లో దక్కిన మొదటి టైటిల్ అది. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 2న, వియన్నాలో ట్రోఫీ అందుకోవాల్సిన రోజే, ఇక రేసులు చాలు అని చెప్పేశాడు.

అప్పటికి అతని వయసు 31. చేతిలో ఆ టైంలో గ్రిడ్ మొత్తానికీ బెస్ట్ కారు. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉంది. చాంపియన్‌గా ఉండగానే రిటైరైన డ్రైవర్ అంటే, అతనికి ముందు 1993లో అలైన్ ప్రోస్టే.

ఫ్యాన్స్ ఊరుకుంటారా? రెండు మాటలు గట్టిగా వినిపించాయి. ఒకటి: "హామిల్టన్‌కి భయపడి పారిపోయాడు." రెండోది: "గెలిచింది మెర్సిడెస్ కారు, వీడు కూర్చున్నాడంతే."

ముందు ఆ రెండో మాట సంగతి చూద్దాం. అందులో కొంత నిజం ఉంది మరి. ఆ ఏడాది 21 రేసులు జరిగితే 19 మెర్సిడెస్సే గెలిచింది. ఫార్ములా వన్‌లో కారు ఎంత ముఖ్యమో తెలియాలంటే జెన్సన్ బటన్‌ని చూడండి. 2008లో సీజన్ మొత్తానికి అతనికి వచ్చినవి 3 పాయింట్లు. 2009లో అదే టీమ్ పేరు, యజమాని మారి, కొత్త కారు వచ్చింది. మొదటి ఏడు రేసుల్లో ఆరు బటనే గెలిచాడు, ఏడాది చివర చాంపియన్ కూడా అయ్యాడు. శీతాకాలంలో నాలుగు నెలలు ప్రాక్టీస్ చేసి అంత మొనగాడు అయిపోయాడా? లేదు కదా. రివర్స్‌లో అలోన్సో కథ. రెండుసార్లు చాంపియన్ అయినవాడు, 2015లో మెక్‌లారెన్ హోండాలో ఏడాదంతా కష్టపడితే వచ్చినవి 11 పాయింట్లు.

ఇంకో సంఘటన నాకు చాలా ఇష్టం. 2020 డిసెంబర్‌లో హామిల్టన్‌కి కరోనా వచ్చింది. విలియమ్స్ టీమ్‌లో అప్పటిదాకా ఒక్క పాయింటు కూడా లేని జార్జ్ రస్సెల్‌ని పిలిచి ఆ మెర్సిడెస్‌లో కూర్చోబెట్టారు. సఖీర్ రేసు క్వాలిఫయింగ్‌లో రెండో స్థానం. పోల్‌కి తేడా 0.026 సెకన్లు. రేసులో చాలాసేపు లీడ్‌లో ఉన్నాడు. పిట్ స్టాప్‌లో టీమ్ టైర్లు తారుమారు చేసింది, తర్వాత పంక్చర్, చివరికి తొమ్మిదో స్థానం. అయినా ఆ ఒక్క వారం చాలు. మనిషి అదే, బండి మారింది. లోకం అతన్ని చూసే చూపే మారిపోయింది.

అయితే డ్రైవర్ గొప్పతనం అనేదే లేదా? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు మా నాన్న దగ్గర విన్నాను.

నాన్న ఆర్టీసీ డ్రైవర్. డిపోలో ప్రతి డ్రైవర్‌కీ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది, లీటర్ డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు తీశాడని. బాగా తీసినవాళ్లకి అవార్డులు కూడా ఇస్తారు. "కొత్త బండి ఇస్తే ఎవరైనా తీస్తారు కదా నాన్నా?" అని ఒకసారి అడిగాను. "తీస్తారు. కానీ ఒకే బండిని రోజు మార్చి రోజు ఇద్దరం తోలతాం రా. అదే రూటు, అవే గుంతలు. అప్పుడు తెలుస్తుంది ఎవరి కాలు ఎలాంటిదో" అన్నాడు.

ఫార్ములా వన్‌లోనూ అంతే. ప్రతి టీమ్‌కీ రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. న్యాయమైన పోలిక అంటూ ఉంటే అది టీమ్‌మేట్‌తోనే. రోస్‌బర్గ్ పక్కన ఉన్నది ఎవరు? లూయిస్ హామిల్టన్. పదిహేనేళ్ల వయసులో కార్టింగ్‌లో కూడా ఇద్దరూ ఒకే టీమ్. 2014లో, 2015లో టైటిల్ హామిల్టన్‌దే. 2016లో రోస్‌బర్గ్‌కి 385, హామిల్టన్‌కి 380. తేడా ఐదంటే ఐదు పాయింట్లు.

హామిల్టన్ అభిమానులు వెంటనే అంటారు, మలేసియాలో లీడ్‌లో ఉండగా ఇంజిన్ పేలిపోయింది కదా అని. నిజమే. ఆ రేసు పూర్తయ్యుంటే టైటిల్ చేతులు మారేదేమో. ఆ ఏడాది గెలిచిన రేసులు కూడా హామిల్టన్‌వి పది, రోస్‌బర్గ్‌వి తొమ్మిది. అదృష్టం లేదని నేననను. కానీ అదృష్టం పనికి రావాలంటే ముందు అంత దగ్గరగా ఉండాలి. రోస్‌బర్గ్ వెళ్లాక ఆ సీటు బొట్టాస్‌కి ఇచ్చారు. మంచి డ్రైవరే. ఐదేళ్లు హామిల్టన్ పక్కన అలాంటి కార్లే నడిపాడు, పది రేసులు గెలిచాడు. టైటిల్ మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇక మొదటి మాట, పారిపోయాడన్నది. ఆ ఐదు పాయింట్ల కోసం రోస్‌బర్గ్ ఏం చేశాడో తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. కాళ్ల కండరాలు తగ్గితే బరువు తగ్గుతుందని, తనకిష్టమైన సైకిల్ తొక్కడం మానేశాడు. బరువు కోసమే హెల్మెట్ మీద పెయింట్ కూడా తీయించాడు. జపాన్‌లో హామిల్టన్ మీద పోల్ సాధించింది 0.013 సెకన్ల తేడాతో. కనురెప్ప వేసేంత టైం కూడా కాదది. ఇంట్లో ఏడాది నిండిన కూతురు. ఇల్లంతా తన రేసుల చుట్టూనే తిరిగింది. అలాంటి ఏడాది ఇంకోటి గడపాలా అని ఆలోచించి, వద్దనుకున్నాడు.

నాకు అది కొత్తగా అనిపించలేదు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్నకి డిపోలో కేఎంపీఎల్ అవార్డు వచ్చింది. అప్పటికి చాలా ఏళ్లుగా నైట్ సర్వీసు, సూపర్ లగ్జరీ. ఆ నెలలోనే వెళ్లి పల్లెవెలుగు డ్యూటీ అడిగాడు. తోటి డ్రైవర్లు నవ్వారు. "లగ్జరీ వదిలి పల్లెవెలుగేంటన్నా, చేతకాక అనుకుంటారు" అన్నారు. అమ్మ కూడా అడిగింది. "చేతకాక కాదు. మళ్లీ అలా తోలాలంటే మళ్లీ అంత నిద్ర కాయాలి. కాయగలను. కాయాలని లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి రాత్రి అన్నం నలుగురం కలిసి తిన్నాం. మా చెల్లికి అప్పటిదాకా నాన్న అంటే పగలు పడుకునే మనిషి. లెక్కలు చెప్పే మనిషి అయ్యాడు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఇద్దరం టీవీలో చూశాం. నాన్న మొదటి ప్రశ్న: "అందరి బండ్లూ ఒకటేనా?" ఛాసిస్, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే, మోటారు వైపు సామాను మాత్రం ఎవరిది వాళ్లదే అని చెప్పాను. "పర్లేదు, కొంచెం న్యాయంగానే ఉంది" అన్నాడు.

మన జీవితాల్లో అంత న్యాయం కూడా ఉండదు. ఒకడికి మంచి కాలేజీ, ఒకడికి అప్పు, ఒకడికి ఇంట్లో ఇంగ్లిష్. అందుకే ఎవడి ర్యాంకో, ప్యాకేజీయో చూసి వాడెంత మొనగాడో తేల్చేయడం నాకు కుదరడం లేదు. ముందు వాడి బండేంటో చూడాలనిపిస్తుంది. తర్వాత అదే బండి మీద ఇంకెవరు ఎంత దూరం వెళ్లారో చూడాలి. ఎక్కడ దిగాలన్నది మాత్రం తోలేవాడికే వదిలేద్దాం. ఎన్ని రాత్రులు మేలుకున్నాడో వాడికే కదా తెలిసేది.