జత కోసం

‘రోజూ అరగంట నడవండి’ అనేది నా మందుల చీటీల్లో ఆఖరి వరుస. మెడికల్ షాపులో దానికి బదులుగా ఇచ్చేదేమీ లేదు కాబట్టి దాన్ని ఎవరూ చదవరు. మూడు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు అడిగితే, ‘మొదట్లో నడిచానండి, తర్వాత వానలు పట్టుకున్నాయి’ అంటారు. వానలు కాకపోతే ఎండలు, అవీ కాకపోతే కార్తీకమాసం.

మా గోదావరి జిల్లా ఊరి నుంచి వచ్చే ఒకావిడ కూడా ఏళ్ల తరబడి ఇదే చెప్పేది. యాభై దాటింది, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఒకసారి షుగరు మూడు నెలల సగటు 8.9 నుంచి 7.4కు దిగింది. నేను మాత్రలు మార్చలేదు. ఏం చేశావమ్మా అంటే కాసేపు సిగ్గుపడి, ‘కోలాటం నేర్చుకుంటున్నానండి’ అంది. రామాలయం ముందు రోజూ సాయంత్రం గంటన్నర సాధనట. అది సీరియల్ వేళ కావడంతో టీవీ ముందు కూర్చుని తినే జంతికలు కూడా మానేసింది. దించింది కోలాటమా, జంతికలు మానడమా అంటే నేను విడదీసి చెప్పలేను.

ఈ పదేళ్లలో మా వైపు ఊరూరా ఆడవాళ్ల కోలాటం బృందాలు పుట్టుకొచ్చాయి. ఒకే రంగు చీరలు, ఒక గురువు, ఒక సౌండ్ బాక్సు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే అవకాశం వస్తే ఊరంతా చెప్పుకుంటారు. దీన్ని ఎవరూ వ్యాయామం అనరు, భక్తి అంటారు. అందుకే అత్తగారు అడ్డు చెప్పదు, భర్త గొణగడు. ట్రాక్ ప్యాంటు వేసుకుని హైస్కూలు గ్రౌండుకు వెళతానంటే ఆ ఇంట్లోనే ఎంత రభస అయ్యేదో! 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57. ఆ తేడా బద్ధకం వల్ల వచ్చింది కాదు.

ఒక సాయంత్రం వెళ్లి చూశాను. ఆ రోజు జడ కోలాటం. పైనుంచి వేలాడే రంగు తాళ్లను తలా ఒకటి ఒక చేత పట్టుకుని, రెండో చేత కోల ఆడిస్తూ, ఒకరి లోపలి నుంచి ఒకరు, ఒకరి వెలుపలి నుంచి ఒకరు తిరుగుతుంటే పైన జడ అల్లుకుపోతోంది. తర్వాత అదే దారిన వెనక్కి తిరిగి విప్పాలి. ఒక్కరు అడుగు తప్పినా జడ చిక్కుపడుతుంది. పాట ఆగగానే మా పేషెంటు మణికట్టు పట్టుకుని చూస్తే నాడి 118. ఆ వయసుకు మేం కోరే మధ్యస్థ శ్రమ సరిగ్గా అదే. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వీళ్లు రెండు రోజుల్లో పూర్తి చేస్తున్నారు. 65 దాటినవాళ్లకు ఆ సంస్థే విడిగా అడిగే నిలకడ సాధన కూడా ఇందులో ఉంది: గిర్రున తిరగడం, ఒంటికాలి మీద ఆగడం, వెనక్కి అడుగు వేయడం. 2003లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 దాటినవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు చేసే శారీరక వ్యాపకాల్లో మతిమరుపు జబ్బు ముప్పు తగ్గినట్టు కనిపించింది ఒక్క నాట్యంతోనే. మతి బాగున్నవాళ్లే నాట్యానికి వెళతారేమో అన్న అనుమానం నాకూ ఉంది. కానీ ఏ అడుగు తర్వాత ఏ అడుగో గుర్తుపెట్టుకునే ఆ ముఖాలను చూశాక ఆ అనుమానం కొంచెం మెత్తబడింది.

అసలు కిటుకు జతలో ఉంది. ఎదురుగా కోల తాకించే మనిషి లేకపోతే ఆట సాగదు. ‘నేను రాకపోతే మా వదిన కోల గాలిలో కొట్టుకోవాలండి’ అంది ఆవిడ. నడక మానేస్తే అడిగేవాళ్లు లేరు. కోలాటం మానేస్తే గంటలోపు ఇంటికి మనిషి వస్తుంది.

మగవాళ్లను షటిల్ కోర్టుకు లాక్కొచ్చేదీ ఇదే. డబుల్స్‌కు నలుగురు కావాలి కాబట్టి తెల్లారి అయిదింటికే ఫోన్లు మోగుతాయి. చిక్కేమిటంటే మావాళ్లు నేరుగా పాయింట్లలోకి దిగిపోతారు. నలభై అయిదు దాటిన ఒక వ్యాపారి కుంటుతూ వచ్చి, ‘వెనకనుంచి ఎవడో మడమ మీద తన్నాడండి, తిరిగి చూస్తే ఎవడూ లేడు’ అన్నాడు. ఆ మాట వినగానే సగం తెలిసిపోయింది. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదలలేదు. మడమ వెనకాలి అకిలిస్ స్నాయువు తెగిపోయింది. నెలల తరబడి దుకాణంలో కూర్చున్న కాలును ఒక్కసారిగా నెట్ దగ్గరికి దూకించాడు మరి. పది నిమిషాలు ఒళ్లు వెచ్చబరుచుకోమంటే టైము లేదంటారు. కట్టు వేసుకుని నెలల తరబడి కూర్చోవడానికి మాత్రం టైము దొరుకుతుంది.

ప్రభుత్వాలూ ఊరికే లేవు. తెలంగాణలో 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆంధ్రలో 2023 డిసెంబరులో ‘ఆడుదాం ఆంధ్రా’ పేరిట అయిదు ఆటల్లో పోటీలు పెట్టారు. పోటీ మంచిదే, కానీ కప్పు ఇచ్చేశాక నెట్ మడత పెట్టేస్తారు. నా పేషెంట్లకు కావలసింది మర్నాడు సాయంత్రం కూడా ఉండే ఆట.

ఈ మధ్య ఆ కోలాటం బృందం నుంచి మడమ నొప్పులు మొదలయ్యాయి. నిద్ర లేచి నేల మీద వేసే మొదటి అడుగుకే ప్రాణం పోతోందట. గుడి ముందు సిమెంటు నేల, అక్కడ చెప్పులు వేసుకోకూడదు. గంటన్నర ఎగిరితే పాదం కింది పొర వాయక ఏమవుతుంది? మెత్తటి మట్టినేల చూసుకోమన్నాను. పక్కనే హైస్కూలు గ్రౌండు ఉంది గానీ సాయంత్రం అయిదింటికి గేటుకు తాళం పడుతుంది. లైటు లేదు, ఆడవాళ్లకు బాత్రూము తెరవరు. తాళంచెవి, ఒక లైటు, బాత్రూము కావాలని హెడ్మాస్టరు గారికి అర్జీ రాసుకుని నా దగ్గరికి తెచ్చారు. ఆరోగ్య కారణాలు కింద రాసిస్తే బలంగా ఉంటుందన్నారు. ప్రిస్క్రిప్షన్ కాగితం మీదే రాసి ముద్ర వేసిచ్చాను.