తెట్టులోని లోహము

గడచిన శ్రావణమాసమున మా విజ్ఞాన సంఘమువారము పట్టణమునకు వెలుపలనున్న యొక చిన్న కార్ఖానాను చూడబోయితిమి. అచట పాత సిల్వరు గిన్నెలను కరగింతురు. మన యిండ్లలో సిల్వరని పిలుచు నీ లోహము వెండి గాదనియు, అల్యూమినియమనియు చదువరులెరిగినదే. సొట్టలు పడిన తపేలాలును, అడుగు పోయిన గిన్నెలును, మూతలును గుట్టగా పడియుండెను. మూసలో వేసిన లోహము 660 డిగ్రీల వేడికి కరగి అద్దమువలె మెరసెను. మేము చూచుచుండగనే దానిపై బూడిదరంగు తెట్టు కట్టెను. పనివాడు పొడుగుపాటి తెడ్డుతో దానిని తీసి నేలపై పోసెను. ఇది యంతయు పారవేయుదురా యని మేమడుగగా, అతడు నవ్వి ప్రక్కనున్న పాకను చూపెను.

పాకలో నొక అవ్వ, కొంగును ముక్కునకును నోటికిని బిగించి కట్టుకొని, చల్లారిన తెట్టును రోకటితో దంచి జల్లించుచుండెను. పెంకువంటి భాగము పొడియై క్రిందికి దిగుచుండెను. లోహము మాత్రము పొడిగాక, రేకులుగా నణగి జల్లెడలో నిలుచుచుండెను. లోహము సాగును, దాని భస్మము చిట్లును. ఈ భేదమును మేము పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవారమే గాని, అవ్వ జల్లెడలో దానిని చూతుమని యెన్నడు ననుకొనలేదు.

“పొడి తడవనీయకండి నాయనా, కళ్ళు మండిపోతాయి” అని యామె చెప్పెను. రేకులను చూచు సంబరములో మేమా మాటను చెవిని బెట్టలేదు.

ఈ రేకులకై యింత శ్రమ యేల? కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో బాక్సైటునుండి తీసిన తెల్లని అల్యూమినా పొడి కొంత అంగుల్ కర్మాగారమునకును, కొంత మన విశాఖపట్టణపు రేవుమీదుగా విదేశములకును పోవుచున్నది. అట్టి పొడినుండి కిలో లోహమును తీయుటకు సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావలెను. పాతలోహమును కరగించుటకో, అందులో ఇరువదవ వంతు చాలును. పెద్ద కర్మాగారములలో వేడి తెట్టును గాలిలో నూరక విడువరు. విడిచినచో లోపలి లోహము తనంతట మండి భస్మమగును. కావున త్వరగా చల్లార్చి, పిదప ఉప్పులతో గూర్చి తిరుగుడు కొలిమిలో వేయుదురు. కరగిన యుప్పు లోహమును గాలి సోకకుండ కప్పును. బిందువులను చుట్టిన భస్మపు పొరను విడదీసి, వానిని ఒకటిగా కలియనిచ్చును.

కార్ఖానా యజమాని మాకొక సంచి తెట్టు నిచ్చెను. హాస్టలు వెనుక రెండు దినములు దంచితిమి. నాలుగు కిలోలకు కిలోకంటె కొంచెము తక్కువగా లోహము లభించినది. మా గర్వమునకు మేర లేకపోయెను! మిగిలిన పొడిని గోడప్రక్క గుంతలో పోసి మరచితిమి.

ఆ రాత్రి ప్రార్థన ముగిసి దీపములార్పిన పిదప వాన కురిసెను. కొంతసేపటికి ముక్కు బద్దలగునట్టి ఘాటు గదులలోనికి వచ్చెను. చిన్నపిల్లలు దగ్గుచు, కన్నులు నులుముకొనుచు లేచిరి. వారిని పక్కలతో సహా ప్రార్థనాలయమునకు చేర్చవలసివచ్చెను. ఉబ్బసము గల ఆరవ తరగతి బాలుడొకడు తెల్లవారువరకు గోడకానుకొని కూర్చుండియే యుండెను. కారణము మేమే యని వార్డెనుగారితో చెప్పుటకు మాకు ఉదయమువరకు ధైర్యము చాలలేదు.

సైన్సు మాస్టరుగారు గుంతను చూచి సంగతి తెలిపిరి. కరగిన లోహము గాలిలోని ప్రాణవాయువుతోనే గాక నత్రజనితోను కలియును. అట్లేర్పడిన నైట్రైడు తడిసినచో అమ్మోనియా వెలువడును. నీరు పోసి కడిగివేయుదమని మాలో నొకడనగా వారు వెంటనే వారించిరి. 2016వ సంవత్సరపు ప్రభుత్వ నియమములలో ఈ తెట్టు ప్రమాదకర వ్యర్థముల పట్టికలో నున్నదనియు వారివలననే తెలిసికొంటిమి. నాలుగు దినములు ఎండ కాచిన పిమ్మట ఆ పొడినంతయు ఎత్తి, వాన తగులని కొట్టములో, మూత బిగింపని డబ్బాలలో నుంచితిమి. అది నేటికిని అచటనే యున్నది.

ఉబ్బసపు బాలుడు మరునాటికి తేరుకొనెను. వానిని క్షమింపుమని వేడగా, వాడు తనకును కొంత లోహము కావలెనని యడిగెను. ఇచ్చితిమి.

మరల అవ్వయొద్దకు పోయి జరిగినది చెప్పితిమి. ఆమె కోపపడక, పాక వెనుకకు తోడ్కొనిపోయెను. అచట జల్లెడ దిగిన పొడి మా నడుమెత్తున గుట్టయై, తాటాకులతో కప్పబడి యుండెను. మొదటి దినమున మేమా తాటాకులను చూచితిమి. ఎందుకు కప్పిరని యొక్కరమును అడుగలేదు.