ఎర్రకన్ను గిజిగాడు

2019 అక్టోబరులో బరంపురం నుంచి జొహానెస్‌బర్గ్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. అక్కడ అది వసంతకాలం. వీధుల నిండా ఊదారంగు జకరాండా పూలే. మర్నాడు పొద్దున్నే పెరట్లో తుమ్మచెట్టు కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ ఒక పసుపు పిట్ట గూడు అల్లుతోంది. "ఒరేయ్, మన గిజిగాడురా!" అని కేకేశాను. పరాయిదేశంలో మన ఊరివాళ్ళు కనబడితే ఎంత సంబరమో, అంత సంబరం.

మా మనవడికి పదేళ్ళు. పిట్టల పుస్తకం పట్టుకొచ్చి, "మామ్మా, ముందు కన్ను చూడు, కాళ్ళు చూడు, ముసుగు చూడు. తర్వాత పేరు చెప్పు" అన్నాడు.

చూశాను. గూళ్ళు కట్టే కాలంలో మన గిజిగాడి మొహం ముదురు గోధుమరంగు, కన్నూ గోధుమరంగే. దీనికి నల్లటి ముసుగు, గురువింద గింజలాంటి ఎర్రకన్ను. దీన్ని పోలినవి అక్కడ ఇంకా ఉన్నాయి. కన్ను తెల్లగా, కాళ్ళు నీలి బూడిదరంగులో ఉండి, నలుపు నడినెత్తి దాకా పాకితే అది లెస్సర్ మాస్క్‌డ్ వీవర్. కన్ను ఎర్రనే అయినా వీపు నిండా నల్లమచ్చలుంటే విలేజ్ వీవర్. మా పెరటి పిట్టకు నుదుటి మీద సన్నని నల్లపట్టీ, మచ్చల్లేని వీపు, గులాబీ ఛాయ కాళ్ళు. అంటే సదరన్ మాస్క్‌డ్ వీవర్. గూడూ వేరే. మన గిజిగాడి గూటికుండే పొడుగాటి గొట్టం దీనికి లేదు, అడుగున గుమ్మం మాత్రమే.

నాలుగోరోజు ఆ గూడు చెట్టుకింద ముక్కలై పడివుంది. తోటమాలే తెంపేశాడని మా అబ్బాయితో గట్టిగా చెప్పాను. వాడు అతణ్ణి అడిగే లోపల, మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని చూద్దును కదా, రెండో గూటిని ఆ పిట్టే ముక్కుతో పీకేస్తోంది!

మగపిట్ట గూడు కట్టి, దాని కింద వేలాడుతూ రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితే మెత్తటి గడ్డి పరుచుకుంటుంది. నచ్చకపోతే మగపిట్ట దాన్ని పీకేసి మళ్ళీ మొదలుపెడుతుంది. ఇలా ఒక కాలంలో పాతిక దాకా కట్టగలదట. 2011లో వెలువడిన బోట్స్వానా పరిశోధన ప్రకారం ఒకే పిట్ట ప్రతి గూటినీ ఒకే తీరున కట్టదు. అలవాటు పడేకొద్దీ పోచలు జారవిడవడం కూడా తగ్గుతుంది. పుట్టుకతో వచ్చిన విద్యకైనా సాధన కావాలన్నమాట.

తోటమాలికి నా అనుమానం సంగతి తెలియదు. అయినా ఆ పూట టీ నేనే కలిపి తీసుకెళ్ళి ఇచ్చాను.

"దీన్ని తెలుగులో ఏమంటారు మామ్మా?" అన్నాడు మనవడు. మన దగ్గర ఈ పిట్ట లేదు, పేరూ లేదన్నాను. కాసేపు ఆలోచించి వాడే పెట్టాడు, "ఎర్రకన్ను గిజిగాడు" అని. ఇప్పటికీ వసంతం రాగానే ఫోనులో ఆ పేరుతోనే గూళ్ళ లెక్క చెబుతాడు.